కీష్ అంటే ఏమిటని అడిగిన రోజు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వెనక గదిలో పిల్లలకు గుణింతాలు రాయిస్తున్నాను. మా బాంబూఫ్లాట్‌లో తెలుగువాళ్ళ పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, సగం మాటలు హిందీవే అయినా సరే. చదవమంటే మాత్రం కిటికీలోంచి ఓడల వైపు చూస్తారు. వాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనే ముప్పై దాటాక ‘అ’ దిద్దుకున్నాను. నా దగ్గరికొచ్చే వాళ్ళలో ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది. రోజూ ఫెర్రీ దాటి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి, అక్కడ కొత్తగా తెరిచిన బేకరీలో పనిచేస్తుంది. ఆ రోజు నాకోసం చిన్న అట్టపెట్టె తెచ్చింది. లోపల గుండ్రంగా, అంచుల్లో వేళ్ళతో నొక్కిన మడతలతో, మధ్యలో పచ్చగా గడ్డకట్టిన గుడ్డుతో ఒక వంటకం. పెట్టె మీద ఇంగ్లీషులో దాని పేరు.

“ఆంటీ, దీన్ని తెలుగులో ఎలా రాయాలి? మా దుకాన్‌లో ఒక్కొక్కలు ఒక్కొక్కలాగ అంటన్నారు,” అంది.

పలక తీసుకుని ‘కీష్’ అని రాశాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివి నా మొహంలోకి చూసింది. “పక్కానా? మీకెలా తెలుసు?” అంది. మా పెద్దమ్మ అడిగి తెలుసుకుంది అన్నాను. ఇంకా ఏదో చెబుదామని నోరు తెరిచేసరికి జెట్టీలో హారన్ మోగింది, ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. పెట్టెలో ముక్క కొరికి చూశాను. బాగానే ఉంది, ఉప్పు ఒక పిసరు తక్కువ. ఆ పూటంతా ఇంకే పనీ చేయబుద్ధి కాలేదు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, హావ్‌లాక్ ద్వీపంలో ఒక గెస్ట్‌హౌస్‌లో వంటమనిషిగా ఉండేది. ఆ ద్వీపానికి ఇప్పుడు వేరే పేరు పెట్టారు గానీ నాకు నోరు తిరగదు. పది వెదురు గుడిసెలు, వాటి మధ్య ఇసుక దారి, దారి చివర రేకుల కప్పు వేసిన వంటశాల, దాని వెనక పెద్దమ్మ గది. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయాక నన్ను ఆవిడే పిలిపించుకుని తన పక్కన పనిలో పెట్టింది. అప్పటికి నాకు ముప్పై నిండుతున్నాయి. పెళ్ళి కాలేదు, ఆ మాట ఎత్తేవాళ్ళూ లేరు. పెద్దమ్మ పొట్టి మనిషి, చేతులు గట్టివి, బంగాళదుంప చెక్కుతుంటే తొక్క తెగకుండా జారి కింద చుట్టలా పడేది. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన తాతల యాస ఆవిడ నోట్లో చెక్కుచెదరలేదు. ఆవిడ పుట్టింది, పెరిగింది అంతా ఈ దీవుల్లోనే, మెయిన్‌లాండ్ మొహం కూడా చూసింది కాదు. హిందీ బడిలో ఐదో తరగతి. తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. బైబిలు మాత్రం సగానికి సగం కంఠతా వచ్చు, విని విని.

పెద్దనాన్న చెట్టు మీద నుంచి పడి చనిపోయాక, దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌లో పదమూడేళ్ళ కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి పెద్దమ్మ ఈ పనిలోకి వచ్చింది. రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామనుకుందట. చేరిన రోజున యజమాని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆవిడ హిందీలో పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసింది. ఆ కాగితంలో ఏముందో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. ఆ తర్వాత సెలవు అడిగినప్పుడల్లా ఆయన నవ్వుతూ ఒకటే మాట అనేవాడు. “కాగజ్ యాద్ హై నా, దీదీ?” కాగితం గుర్తుంది కదా అని. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే పెద్దమ్మ వెనక్కి తిరిగి వచ్చేసేది. అలా పదకొండేళ్ళు గడిచాయి. కూతురి పెళ్ళికి మూడు రోజులు వెళ్ళింది. ఆ కూతురు, అంటే నాకు చెల్లెలు, మొదటి కడుపు పోగొట్టుకుని మంచం పట్టినప్పుడు ఆ మూడు రోజులూ దొరకలేదు. టూరిస్టుల సీజన్ అన్నాడు యజమాని. సంతకం చేశాను కదే, కానూన్ ఒప్పుకోదు అంది నాతో పెద్దమ్మ. ఆ కానూన్ పోలీసులదో కోర్టుదో ఆవిడకే తెలియదు.

ఇక కీష్ సంగతి. ఆ పదకొండో ఏడు సీజన్ మొదట్లో యజమాని పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఒక గ్యాస్ ఓవెనూ, అచ్చు వేయించిన కొత్త మెనూ కార్డులూ తెచ్చాడు. పక్క బీచ్‌లో ఎవరో పెట్టారని చూసి వచ్చి ఈయన కూడా మెనూలో ఆ వంటకం పేరు వేయించాడు. ఎలా చేయాలో ఒక జిరాక్స్ కాగితం మీద ఉంది, అదీ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు క్యూ అక్షరంతో మొదలయ్యే ఆ పేరు పట్టుకుని మేమంతా పడ్డ తంటా ఇంతా అంతా కాదు. మేనేజరు భయ్యా ‘క్విచే’ అన్నాడు. బల్లల దగ్గర వడ్డించే బెంగాలీ దాదా ‘కుయిచ్’ అన్నాడు. పదో తరగతి చదివాను కదా అని నన్నడిగితే నేను ‘కీచ్’ అన్నాను. హిందీలో కీచ్ అంటే బురద. “బురద వండమంటాడేటే మాలిక్?” అంది పెద్దమ్మ. తెలుగులో చూసుకున్నా లాభం లేదు, రాత్రిపూట కూసే కీచురాయే గుర్తొస్తుంది. నవ్వుకుని ఊరుకున్నాం. కానీ రెండో వారంలోనే ఒక బల్ల వాళ్ళు దాన్ని ఆర్డరు చేశారు. జిరాక్స్‌లోని బొమ్మ చూసి పెద్దమ్మ చపాతీ మీద ఆమ్లెట్ వేసి, అంచులు మడిచి ఓవెన్‌లో పెట్టి పంపింది. బయట ఒక్కసారి పెద్ద నవ్వు. ప్లేటు అలాగే తిరిగొచ్చింది. వెనకాలే యజమాని వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అందరి ముందూ “ఇతనా భీ నహీఁ ఆతా?” అన్నాడు. ఇది కూడా రాదా అని. పెద్దమ్మ ఆ ప్లేటు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది. ఆ తర్వాత ఎవరైనా ఆ పేరు చెబితే బెంగాలీ దాదా గుడ్లు అయిపోయాయని చెప్పేవాడు.

డిసెంబరు మొదట్లో చెల్లి ఫోన్ చేసింది. గెస్ట్‌హౌస్ మొత్తానికి ఒకటే ఫోను, ఆఫీసు గదిలో. మళ్ళీ నెలలు నిండుతున్నాయి, ఇంకో రెండు వారాలు అన్నారట. ఫోను పెద్దమ్మ చెవి దగ్గరే ఉన్నా ఆ గొంతు నాకూ వినిపించింది. “అమ్మా, ఈసారైనా వస్తావా?” అంది. వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా పెద్దమ్మ “వేన్నీళ్ళు తాగు, బరువులెత్తకు” అంటూ ఏవేవో చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రమే యజమానిని అడిగింది. ఆయన నవ్వి అదే మాట అన్నాడు. సరుకుల కోసం మర్నాడు పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన రెండో రోజు గాలి మొదలైంది.

పేపర్లో రాసేంత పెద్ద తుఫాను కాదది. వాయుగుండం అన్నారు రేడియోలో. కానీ ఆరు రోజులు కదల్లేదు. జెట్టీలో నల్లబోర్డు మీద సుద్దతో ‘సెయిలింగ్ క్యాన్సిల్’ అని రాశారు. మర్నాడు అదే రాతని మళ్ళీ దిద్దారు. సముద్రం ఆకుపచ్చ రంగు పోయి ఇటుకపొడి కలిపినట్టయింది. ఒడ్డున మహువా చెట్టొకటి పడి దారి మూసుకుపోయింది. కరెంటు పోయింది, ఫోను మూగబోయింది. గెస్ట్‌హౌస్‌లో పద్నాలుగు మంది గెస్టులు, ఆరుగురం పనివాళ్ళం. మొదటి రోజు గెస్టులు కెమెరాలు పట్టుకుని అలలు చూశారు. రెండో రోజు పేకాడారు. మూడో రోజు నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. పరుపులు చెమ్మ పట్టి కొబ్బరిపీచు కుళ్ళిన వాసన. ఆరేసిన బట్టలు ఆరవు, అగ్గిపుల్ల గీస్తే తల ఊడిపోతుంది. రేకుల మీద వాన చప్పుడుకి పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి, అందుకని ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. చుట్టూ అంత గాలి వీస్తున్నా ఊపిరాడనట్టుండేది. పెద్దమ్మ పొద్దున్నే గోనెపట్టా తలమీద కప్పుకుని జెట్టీదాకా నడిచి వెళ్ళి ఆ బోర్డు చూసి వచ్చేది. చదవడం రాదు కదా, రాత మారిందా లేదా అని చూసేది.

గెస్టుల్లో ఒంటరిగా వచ్చిన ఒక ముసలావిడ ఉంది. ఫ్రాన్స్ నుంచి వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి, పెద్దమ్మ ఆవిడకి తెల్లమామ్మ అని పేరు పెట్టింది. మూడో రోజు ఆవిడ గుడిసె కారడం మొదలైంది. వంటశాలలో పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని వచ్చి స్టూలు మీద కూర్చుంది. పెద్దమ్మ అల్లం టీ ఇచ్చింది. ఆవిడ అది తాగుతూ బల్ల మీద పడి ఉన్న మెనూ కార్డు తీసి తిరగేసింది. ఒకచోట వేలు ఆగింది. “ఓ, కీష్!” అంది, ఎరిగిన మనిషిని చూసినట్టు.

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకుపోవడం నాకు తెలుసు. ఇప్పుడూ అలాగే ముడుచుకుంది. అటు తిరిగి పప్పు కలిపింది. ఉప్పు వేసింది. మళ్ళీ వేయబోయి ఆగింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అంది, “అడగవే. దాని మతలబ్ ఏటో అడుగు. సిగ్గేటి, ఈ వానలో ఎవలు నవ్వుతారు?”

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. మామ్మ ఇంగ్లీషు నా కంటే కాస్త మెరుగు, అంతే. ఇద్దరం చేతులూ మాటలూ కలిపి లాక్కొచ్చాం. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. వాళ్ళ ఊరు ఫ్రాన్స్ అంచున, జర్మనీ పక్కన, లొరేన్ అనే సీమలో ఉంది. జర్మనీ భాషలో కేకుని కూఖెన్ అంటారు. వాళ్ళ ఊళ్ళ యాసలో అది క్యూషె లాంటి మాటయింది. ఫ్రెంచివాళ్ళ నోట్లో పడి కీష్ అయింది. అసలు అర్థం అంతే, కేకు, రొట్టె. వారానికొకసారి ఊళ్ళో రొట్టెలు కాల్చే రోజున మిగిలిన పిండి పల్చగా పరిచి, దాని మీద గుడ్లూ మీగడా గిలకొట్టి పోసి, పంది మాంసం ముక్కలు చల్లి పొయ్యిలో పెట్టేవాళ్ళట. చీజు కూడా వాళ్ళింట్లో వేసేవారు కాదట, అది తర్వాతి వాళ్ళ షోకు. వాళ్ళ నాయనమ్మ పుట్టిన ఇంట్లోనే పెరిగింది, ఆ ఊళ్ళోనే చచ్చిపోయింది. కానీ యుద్ధాల్లో ఆ సీమ చేతులు మారినప్పుడల్లా ఆవిడ దేశం మారింది, నాలుగుసార్లు. ఒకప్పుడు బడిలో ఫ్రెంచి మాట్లాడితే తిట్లు, ఇంకొకప్పుడు జర్మను మాట్లాడితే తిట్లు. వంటింట్లో మాత్రం ఎవరూ వచ్చి వినలేదు గనక ఆ మాట బతికిపోయిందంది మామ్మ.

నేను తర్జుమా చేసి ముగించాను. పెద్దమ్మ గరిటె పక్కన పెట్టింది. “ఇంతేనా? రొట్టేనా?” అంది. అవునన్నాను. “దిబ్బరొట్టె మీద గుడ్లు పోసినట్టన్నమాట.” అలాంటిదే అన్నాను. ఆవిడ పకపకా నవ్వడం నేను ఆ రోజే చూశాను. కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ అంది, “రొట్టెని రొట్టె అని రాయడం మానీసి ఇన్నాళ్ళు భయపెట్టేరు కదే! ఒక్కసారి అడిగుంటే సరిపోయీది.”

ఆ మధ్యాహ్నమే చేసింది. మీగడ లేదు, కొబ్బరి తురిమి చిక్కటి పాలు తీసింది. మాంసం లేదు, డబ్బా అడుగున మిగిలిన ఎండు రొయ్యలు వేయించి చల్లింది. గుడ్లు పక్క ఇంటి కోళ్ళవి. మామ్మ లేచి పిండి అంచుని బొటనవేలితో ఎలా నొక్కాలో చూపించింది. ఇద్దరు ముసలివాళ్ళ బొటనవేళ్ళు పళ్ళెం చుట్టూ ఎదురెదురుగా తిరిగాయి. ఓవెన్ తీసేసరికి వంటశాలంతా కమ్మటి వాసన. మామ్మ తిని తల ఊపి, ఇంకో ముక్క తీసుకుంది. మా నాయనమ్మ చూస్తే తిట్టేది, తిట్టి తినేది అంది. ఆ రోజు గెస్టులందరూ వంటశాలలోనే నిలబడి తిన్నారు.

నాలుగో రోజు గాలికి ఆఫీసు గది రేకు లేచిపోయింది. తడవకుండా ఉన్నది వంటశాల ఒక్కటే. మేనేజరు భయ్యా ఫైళ్ళన్నీ గుండెలకి హత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. కాగితాలు విడదీసి బల్లల మీద పరిచాం, కొన్ని పొయ్యి పైన దండేనికి క్లిప్పులతో తగిలించాం. పెద్దమ్మ వాటి కింద నిలబడి రొట్టెలు కాలుస్తోంది. ఎందుకో తలెత్తింది. ఎదురుగా దండేనికి ఆవిడ పేరు వేలాడుతోంది, పెద్ద పెద్ద హిందీ అక్షరాల్లో.

పెనం మీద రొట్టె మాడిపోయింది. పెద్దమ్మ ఆ కాగితం తీసి, చేతులు కొంగుకి తుడుచుకుని, మామ్మ దగ్గరికి వెళ్ళి ఇచ్చింది. మేనేజరు “దీదీ, ఆఫీసు కాగితమది” అన్నాడు. “నా దస్కత్ ఉంది కద భయ్యా, నాదీ ఔతుంది” అంది. ఆయన తక్కిన కాగితాలు దండేనికి తగిలించే పనిలో పడ్డాడు. మామ్మ కళ్ళద్దాలు తుడుచుకుని ఒకసారి చదివింది. మొదటికి వెళ్ళి మళ్ళీ చదివింది. నువ్వు ఎప్పుడు చేరావని అడిగింది. పదకొండేళ్ళయిందని చెప్పాను. మామ్మ పెద్దమ్మ మొహంలోకి చూసి రెండు వేళ్ళు చూపించింది.

పెద్దమ్మ మొహం పాలిపోయింది. “ఇంకా రెండేళ్ళా?” అంది.

కాగితం నేను తీసుకున్నాను. కూడబలుక్కుంటూ చదివితే నాకే అర్థమయ్యేంత చిన్న మాటలవి. చేరిన తేదీ, జీతం, రెండు చీరలు, అన్నం, ఉండడానికి గది. కింద చివరి వరుసలో గడువు. “కాదు పెద్దమ్మా,” అన్నాను. “మొత్తమే రెండేళ్ళు. అది ఎప్పుడో అయిపోయింది.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెళ్ళి బియ్యం బస్తా మీద కూర్చుంది. రేకుల మీద వాన హోరు. నన్ను దగ్గరికి పిలిచి, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది. “అయితే మూడో ఏటి నుంచి నన్నెవలాపేరే?”

కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

మొదటి నాలుగు రోజులు ఒక ఎత్తు, ఆ తర్వాత రెండు రోజులు ఒక ఎత్తు. వెళ్ళకూడదని తెలిసిన మనిషి ఉండిపోవడం వేరు, వెళ్ళొచ్చని తెలిశాక ఓడ లేక ఉండిపోవడం వేరు. పెద్దమ్మ రోజుకి మూడుసార్లు జెట్టీకి నడిచింది. చీరలు రెండు, బైబిలు, మనవడికో మనవరాలికో అని కుట్టి దాచిన బొంతలు ఒక సంచిలో కట్టి తలుపు దగ్గర పెట్టింది. ఒకసారి దాన్ని విప్పి మళ్ళీ కట్టింది. అన్నం సయించలేదు. “అది ఇప్పుడు నొప్పులు పడతందేమో, ఎవలున్నారో దాని కాడ” అని గోడకేసి చూసి తనలో తను అనుకునేది. ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే గాలి చప్పుడైనా వినిపించేది కాదు. నేను పక్కనే ఉండి ఏదైనా ధైర్యం చెప్పాలనుకునేదాన్ని. మాటలన్నీ తడిసిన అగ్గిపుల్లల్లా అంటుకునేవి కావు.

ఏడో రోజు పొద్దున వాన తగ్గింది. బోర్డు మీద రాత మారిందని పెద్దమ్మే ముందు చూసింది. మధ్యాహ్నానికి పోర్ట్‌బ్లెయిర్ నుంచి షిప్పు వచ్చింది. ముందు గెస్టులు ఎక్కాలి, చోటు మిగిలితే మనవాళ్ళు. పెద్దమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని జెట్టీ గట్టు మీద కూర్చుంది, పక్కన నేను. షిప్పులోంచి దిగిన వాళ్ళలో యజమాని ఉన్నాడు. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఆరు రోజులూ అక్కడ ఆయనా నిద్రపోయినట్టు లేడు. మమ్మల్ని చూసి నిలబడ్డాడు. సంచి చూశాడు.

“కిధర్, దీదీ? కాగజ్...” అన్నాడు, ఎక్కడికని.

పెద్దమ్మ రవికలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కాగితం విప్పి చదివాడు. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. దొరికిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామని. అదేమీ కనిపించలేదు. కాస్త తెల్లబోయాడు, అంతే. మళ్ళీ మడిచి ఇచ్చేశాడు. “ఇందులో గడువుందని నాకూ తెలియదు దీదీ. ఎవడో టైపు చేసిచ్చాడు, నేనెప్పుడూ చదవలేదు,” అన్నాడు హిందీలో. సంచి వైపు చూసి, “నువ్వయినా అడగాల్సింది,” అన్నాడు.

“అడగడం నాకు మొన్ననే వొచ్చింది సాబ్,” అంది పెద్దమ్మ, తెలుగులోనే. ఆయనకు అర్థమైందో లేదో నేను తర్జుమా చేయలేదు.

చివరికి చోటు దొరికింది. తెల్లమామ్మ పై మెట్టు మీద నిలబడి చెయ్యందించింది. ఎక్కే ముందు పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, “నువ్వూ వొచ్చీవే. ఏటుంది ఇక్కడ?” అంది. వస్తానన్నాను, ముందు నువ్వెళ్ళు, వంటకి మనిషి దొరకగానే వస్తాను అన్నాను. షిప్పు తాడు విప్పారు. అది పగడాల దిబ్బ దాటేదాకా చూసి, యజమాని సామాను సంచి ఒకటి నేను అందుకుని ఆయన వెనక నడిచాను. పద్నాలుగు మంది పరుపులు ఎండబెట్టాలి, పొద్దున్నకి పిండి నానబెట్టాలి. నా కాగితం ఏదో ఆ ఫైళ్ళలోనే ఉంటుందని ఆ వారంలో వెతికాను. లేదు. నేను ఎక్కడా సంతకం చేయలేదు. నన్ను పట్టి ఉంచినది అక్కడ ఏదీ లేదు. అయినా ఇంకో మూడేళ్ళు ఉన్నాను. గెస్టులు అడిగితే కొబ్బరిపాలతో కీష్ చేసి పెట్టేదాన్ని. ప్లేట్లు ఖాళీగా తిరిగొచ్చేవి, యజమాని మెచ్చుకునేవాడు. ఆ మెప్పుకి సంతోషపడేదాన్ని కూడా, అది చెప్పుకోవడానికే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పెద్దమ్మ పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, మర్నాడు బస్సెక్కి, రెండుచోట్ల బస్సుతో సహా ఫెర్రీ దాటి, పొద్దుగూకే వేళకి డిగ్లీపూర్ చేరింది. అప్పటికి బిడ్డ పుట్టి నాలుగు రోజులు. ఆడపిల్ల. దారులు మునిగి ఎవరూ రాలేకపోతే పక్కింటి బెంగాలీ ఆవిడే పురుడు పోసింది. తల్లీ బిడ్డా క్షేమం. పెద్దమ్మ గుమ్మంలో నిలబడితే చెల్లి మంచం మీద నుంచి చూసి, “వొచ్చేవా,” అని, మొహం గోడకేసి తిప్పుకుంది. కోప్పడలేదు. ఎదురుచూడడం మానేసిన మనిషికి కోపం కూడా ఉండదని పెద్దమ్మ తర్వాత నాతో అంది. బిడ్డని ఇమ్మని అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసి, బాలింతకి మిరియాల చారు కాచింది. రెండు రోజులు అలాగే వండి పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం చెల్లి లేచి వచ్చి, బిడ్డని ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

ఆ తర్వాత పెద్దమ్మ డిగ్లీపూర్ వదల్లేదు. పన్నెండేళ్ళు బతికింది, ఆ మనవరాలిని తనే బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. రేషన్ కార్డు దగ్గర నుంచి మందు సీసా దాకా ఏ కాగితం చేతికొచ్చినా ఎవరినో ఒకర్ని ఆపి దీంట్లో ఏటుందో సదువు బాబూ అనేదట. ఊళ్ళో జనం ఆవిడ వస్తోందంటే తప్పుకు తిరిగేవాళ్ళని చెల్లి నవ్వుతూ చెబుతుంది. నేను మాత్రం ఒకరోజు గెస్ట్‌హౌస్‌లో ఎవరికీ చెప్పకుండా షిప్పెక్కేశాను. బాంబూఫ్లాట్ వచ్చి, చర్చిలో ముసలి పాస్టరుగారి దగ్గర పలక పట్టుకుని కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. తర్వాత ఎప్పుడో లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తీసి ఆ మాట వెతికాను. మామ్మ చెప్పినట్టే ఉంది, కేకు అనే మాటలోంచి వచ్చిందని, ఒకే ఒక్క వరుసలో.

పెద్దమ్మ పోయే ముందు ఏడు నేను వెళ్ళినప్పుడు, అరుగు మీద వడ్లు ఎండబోస్తూ ఇద్దరం ఆ వాన రోజులు తల్చుకున్నాం. ఏ రోజు ఏం వండిందీ, ఏ పూట గాలి ఎటు తిరిగిందీ, మామ్మ ఏ రంగు స్వెటరు వేసుకుందీ, అన్నీ ఆవిడకి గుర్తున్నాయి. మరి అంతకుముందు ఏళ్ళు గుర్తున్నాయా అంటే ఆలోచించి, లేదే అంది. ఓడలు ఆగిన ఆరు రోజుల్ని మేం గంట గంటకీ లెక్కపెట్టుకున్నాం. ఆవిడ తొమ్మిదేళ్ళనీ, నా మూడేళ్ళనీ అవి గడుస్తున్నప్పుడు ఇద్దరిలో ఎవరమూ ఒక్కసారైనా లెక్కపెట్టలేదు.